ఒత్తు తెగినా అది లోపమే: సాఫ్ట్‌వేర్ తయారుచేసే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో, బెంగళూరులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న తెలుగు ఇంజినీర్లకు, టెస్టర్లకు, ప్రోడక్ట్ మేనేజర్లకు,

నమస్కారం.

నేను తెనాలిలో డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, పెద్దకర్మ కార్డులు, బడి సావనీర్లు నా దగ్గర తయారవుతాయి. కాగితం మీదికి ఎక్కే ముందు ప్రతి తెలుగు అక్షరాన్నీ ప్రూఫులో చూసుకోవడం నా పని కాబట్టి, మీ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఎక్కడ విరుగుతోందో, ఎక్కడ తెగుతోందో నాకు తెలిసిపోతూ ఉంటుంది. తెలిసినప్పుడల్లా తయారీదారులకు రాస్తాను. నాలాంటి డీటీపీవాళ్లు, ప్రూఫ్ రీడర్లు, టీచర్లు, పత్రికలవాళ్లు చాలామంది రాస్తూనే ఉన్నారు. ఆ ఫిర్యాదులు మీ దగ్గరికి చేరాక వాటికి ఏ గతి పడుతోందో అడగడానికే ఈ లేఖ.

2018 ఫిబ్రవరి సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐఫోన్‌లో ఒక తెలుగు అక్షరం కనబడగానే ఆ యాప్ మూతపడిపోయేది. మెసేజ్‌లో వస్తే మెసేజ్‌ల యాప్, వెబ్ పేజీలో ఉంటే బ్రౌజర్ ఆగిపోయేవి. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోమ్ స్క్రీనే పడిపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’. మనం మామూలుగా టైపు చేసే జ్ఞానం, జ్ఞాపకం వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, చివర దీర్ఘం అన్న వరుసలో వస్తేనే ఫోన్ తట్టుకోలేకపోయింది. అలాంటి వరుసలు బెంగాలీలోనూ దేవనాగరిలోనూ ఇదే గొడవ తెచ్చాయి. అంటే తప్పు మన లిపిది కాదు, అక్షరాలను తెర మీద గీసే ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ అనే భాగానిది. అయినా తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతోందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. కొందరు ఆకతాయిలు దాన్ని ట్విట్టర్‌లో తమ పేర్ల పక్కన కూడా పెట్టుకున్నారు.

ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, లోపం పోయింది. వార్త గుప్పుమన్న వారం తిరక్కుండానే ఆపిల్ దాన్ని సరిచేసింది. అందుకు ఆ ఇంజినీర్లను మెచ్చుకోవాల్సిందే.

నన్ను బాధపెట్టేది దాని రెండో వైపు. తెలుగు అక్షరం వల్ల ఫోన్ పాడైతే వారంలో బాగుపడింది. ఫోన్ వల్ల తెలుగు అక్షరం పాడైతే ఏళ్లు పడుతోంది. ఒత్తులు తెగే యాప్‌లు, గుడి పైభాగం గీత కింద దాక్కునే బటన్లు, ఒత్తు కలవక పొల్లు విడిపోయి కనిపించే అక్షరాలు నేను ఎన్నో చూస్తున్నాను. వాటి గురించి రాసినవాళ్లకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మా బృందానికి తెలియజేశాం.

మీ ఆఫీసుల్లో లోపాలకు తీవ్రతను బట్టి పీ-జీరో, పీ-వన్ అని నంబర్లు వేస్తారని మీ వృత్తిలో ఉన్న మావాళ్లు చెబుతుంటారు. యాప్ పడిపోతే పీ-జీరో. డేటా పోతే పీ-జీరో. డబ్బు తప్పుగా కట్ అయితే రాత్రికి రాత్రి అందరినీ లేపి కూర్చోబెడతారట. మరి ఒక భాషలో అక్షరం సగం తెగితే? అది చూడటానికి బాగాలేకపోవడం కిందికి, అంటే అలంకారం కిందికి వస్తుంది. జాబితాలో అట్టడుగున పడుతుంది. కొత్త ఫీచర్లు ఎప్పుడూ ముందుంటాయి కాబట్టి ఆ అట్టడుగుకు ఎవరి చేయీ చేరదు.

తెలుగులో ఒత్తు అలంకారం కాదన్న సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ‘గుడ్డి’ కింద ఒత్తు తెగితే ‘గుడి’ అవుతుంది, ‘కల్ల’ కింద ఒత్తు తెగితే ‘కల’ అవుతుంది. మందుల షాపు యాప్‌లో, పంట బీమా ఫారంలో, కోర్టు నోటీసులో ఇలా జరిగితే చదివేవాళ్లకు తప్పు సమాచారం చేరినట్టే. డేటా పోవడం అంటే సర్వర్‌లో పోవడమేనా? చదివేవాడి కంటి దగ్గర పోతే అది పోయినట్టు కాదా?

ఇదంతా ఎందుకు జరుగుతుందో కూడా నాకు అర్థమవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచిన పెట్టెలో తెలుగును కూర్చోబెడుతున్నారు. మన లిపి నిలువుగా ఎక్కువ చోటు అడుగుతుంది. పైన గుడి, ఏత్వం, ఓత్వం ఉంటాయి. కింద ఒక ఒత్తు, కొన్నిసార్లు దాని కింద మరో ఒత్తు ఉంటాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ రాసి చూడండి. లైను ఎత్తును కొన్ని పిక్సెళ్లకు బిగించేసి, దాటిన భాగాన్ని కత్తిరించమని కోడ్‌లో రాస్తే, పోయేది ఆ కింది ఒత్తే. రాసినవాళ్లకు అది కనిపించదు, ఎందుకంటే వాళ్ల తెర మీద ఉన్నది ఇంగ్లిష్.

అక్షరాల లెక్క కూడా అంతే. ‘లక్ష్మి’ మనకు రెండు అక్షరాలు. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించడానికి వాడే యూనికోడ్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పేరు ఇన్ని అక్షరాలకు మించకూడదని ఫారంలో పరిమితి పెట్టినప్పుడు, ఆ పరిమితి మన పేర్ల మీద ఎంత బరువుగా పడుతుందో ఆలోచించారా? ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే కథ. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగులో యూనికోడ్ గుర్తులు 70 పడతాయి. కాస్త పొడుగు కబురు రెండు మూడు ముక్కలైపోతుంది.

పీడీఎఫ్‌ల గోడు వేరే. తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే ఒత్తులు ఒకచోటికి, గుళ్లు మరోచోటికి చెల్లాచెదురవుతాయి. ఆ ఫైల్లో అక్షరాలు బొమ్మల వరుసగా దాచి ఉంటాయి, ఏ బొమ్మ ఏ అక్షరానిదో చెప్పే పట్టిక సరిగా ఉండదు. కాబట్టి అందులో వెతికినా మాట దొరకదు. ప్రభుత్వ ఉత్తర్వు తెలుగులో ఉన్నా, తనకు కావలసిన ముక్క వెతుక్కోలేని రైతుకు ఆ తెలుగు సగమే పనికొస్తుంది. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కైతే ఆ సగం కూడా అందదు.

ఇక నా ఫిర్యాదు ఒకటి. ఫోన్లో కార్డులు, పోస్టర్లు తయారుచేసుకునే యాప్ అది. కంపెనీ పేరు చెప్పను, ఒక కంపెనీని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. జనం ఇప్పుడు ఇంట్లోనే శుభలేఖ ఆ యాప్‌లో చేసుకుని, ప్రింటుకు మాత్రం నా దగ్గరికి వస్తున్నారు. ఆ కార్డుల్లో అచ్చు పెద్దదిగా పెట్టినప్పుడు కింది ఒత్తు తెగుతుంది. వధూవరుల పేర్లే పెద్ద అచ్చులో ఉంటాయి కాబట్టి తెగేవి పేర్లే. నేను ఫొటోలతో సహా రాశాను. ఇంగ్లిష్‌లో జవాబు వచ్చింది: యాప్‌ను అప్‌డేట్ చేయండి, క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే డేటా) క్లియర్ చేయండి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అన్నీ చేసి అదే జవాబు కింద రాశాను. మళ్లీ మొదటి నుంచి అవే సూచనలు, ఈసారి ఇంకొకరి పేరుతో. ఫోన్ మోడల్ అడిగారు, ఇచ్చాను. వీడియో అడిగారు, తీసి పంపాను. ఆ తర్వాత ఒకరోజు, మీ వైపు నుంచి స్పందన లేనందున ఈ ఫిర్యాదును మూసివేస్తున్నాం అని ఈమెయిల్ వచ్చింది. ఆ ఈమెయిల్‌కు తిరిగి రాయడానికి వీల్లేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వివరాల్లో చిన్న లోపాలు సరిచేశాం, వేగం పెంచాం అని ఉంటుంది. ఏ లోపాలో ఉండదు. ఆశతో తెరిచి చూస్తాను. ఒత్తు తెగే ఉంటుంది.

ఇంత జరిగాక మామూలు మనిషి ఏం చేస్తాడు? రాయడం మానేస్తాడు. అప్పుడు మీ మీటింగులో ఒక గ్రాఫ్ చూపిస్తారు. తెలుగు నుంచి ఫిర్యాదులు తగ్గాయి, కాబట్టి సమస్య తగ్గింది అని. గోడకు చెప్పుకున్నట్టుందని విసిగిపోయిన జనం మౌనాన్ని మీరు సంతృప్తిగా లెక్కేసుకుంటున్నారు. ఈ లెక్క మీద నాకు చాలా కోపం ఉంది, దాచుకోను.

ఈ మూసివేత యంత్రాల సంగతీ నాకు తెలుసు. ఎవరూ కదిలించని ఫిర్యాదును తనంతట తానే మూసేసే బాట్‌లను చాలా ప్రాజెక్టులు పెట్టుకున్నాయి. ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో అందరూ వాడే అలాంటి ఒకదానిలో, సెట్టింగు మార్చకపోతే, 60 రోజులు కదలిక లేకపోతే పాతబడిందని ముద్ర వేస్తుంది, మరో 7 రోజులకు మూసేస్తుంది. లోపం ఉందా, పోయిందా అని అది చూడదు. కదలిక లేకపోవడానికి కారణం తయారీదారులు పట్టించుకోకపోవడమే అయినా, మూతపడేది మాత్రం అడిగినవాడి ఫిర్యాదు.

మూయకుండా ఉంచినా గొప్పేం కాదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 2005 జూన్‌లో ఒక లోపం నమోదైంది, నంబరు 11472. ఒక పట్టికలో మార్పు జరిగినప్పుడు దానికి ముడిపడిన మరో పట్టికలో కూడా మార్పు జరుగుతుంది కదా, అప్పుడు ఆ రెండో పట్టికలో తమంతట తామే నడవాల్సిన ఆదేశాలు, అంటే ట్రిగ్గర్లు, నడవకపోవడం ఆ లోపం. దాన్ని వాడేవాళ్లు ఏళ్ల తరబడి ఆ ఫిర్యాదు కిందే దానికి పుట్టినరోజు శుభాకాంక్షలు రాస్తూ వచ్చారు. చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ శుభాకాంక్షల్లో అలసట కనిపించింది. అడిగి అడిగి విసిగినవాళ్ల దగ్గర మిగిలింది ఆ పరాచికమే.

మరో ఉదాహరణ చెబుతాను, ఇది శాస్త్రవేత్తలది. మనిషి జన్యువుల్లో కొన్నింటికి మార్చ్1, సెప్ట్1 లాంటి పొట్టి పేర్లు ఉండేవి. ఎక్సెల్‌లో ఆ పేరు కొట్టగానే అది తారీఖు అనుకుని మార్చి 1, సెప్టెంబరు 1 అని మార్చేసేది. ఈ గొడవ గురించి 2004లోనే పరిశోధన పత్రం వచ్చింది. 2016లో ఇంకొకరు వెతికితే, జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఈ తప్పులు దొరికాయి. చివరికి ఏమైంది? 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే దిగివచ్చింది. మార్చ్1 ఇప్పుడు మార్చ్‌ఎఫ్1, సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. అలా సుమారు 27 జన్యువుల పేర్లు మారాయి. ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగు ఎక్సెల్‌లో అందరికీ వచ్చింది 2023లో. పందొమ్మిదేళ్లు! సాఫ్ట్‌వేర్ మారనంటే శాస్త్రమే తన పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది.

అమెరికా వెళ్లిన మనవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే జాతి మనది. ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదించి రాసుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఫారంలో చివరి పేరు కనీసం రెండు అక్షరాలు ఉండాలని సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో, జీతం స్లిప్పులో అదే ఆ మనిషి పేరుగా తిరుగుతుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరును ఒక గడి తుడిచేసింది. సర్దుకున్నది మళ్లీ మనవాళ్లే.

ఇవన్నీ అసౌకర్యాలే కదా, దీనికింత బాధ ఎందుకు అని మీకు అనిపించవచ్చు. వినకపోవడం ఎంత దూరం పోగలదో చెప్పే సంఘటన బ్రిటన్‌లో జరిగింది. దాన్ని మీ వృత్తిలోకి వచ్చే ప్రతి కుర్రాడికీ మొదటి వారంలోనే చెప్పాలని నా అభిప్రాయం.

అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. తయారీ ఫుజిత్సు. అక్కడ చిన్న ఊళ్లలో దుకాణంతో పాటు పోస్టాఫీసు కూడా నడుపుకునేవాళ్లు ఉంటారు, సబ్‌పోస్ట్‌మాస్టర్లు అంటారు. సాయంత్రం లెక్క చూసుకుంటే వాళ్లకు డబ్బు తక్కువ చూపించేది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఇలా మీ ఒక్కరికే జరుగుతోంది అని చాలామందికి చెప్పారు. ఒక్కొక్కరూ తమ ఊళ్లో ఒంటరిగా కూర్చుని అదే మాట విన్నారు. ఒప్పందం ప్రకారం తక్కువైన డబ్బు వాళ్లే కట్టాలి. ఇళ్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. కట్టలేనివాళ్లను దొంగలన్నారు. 1999కీ 2015కీ మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. వాళ్లలో ఎక్కువమందిపై కేసులు పెట్టింది పోస్టాఫీసే. భారత సంతతికి చెందిన సీమా మిశ్రా అనే సబ్‌పోస్ట్‌మిస్ట్రెస్‌ను 2010 నవంబరులో జైలుకు పంపారు. అప్పటికి ఆవిడ గర్భవతి.

డాల్‌మెల్లింగ్టన్ అనే స్కాట్లాండ్ ఊరి పేరుతో ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉంది. తెర నిలిచిపోయినట్టు కనిపిస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఎంటర్ మళ్లీ నొక్కుతారు. తెర కదలదు కానీ లోపల నొక్కిన ప్రతిసారీ అదే బదిలీ మళ్లీ నమోదయ్యేది. 2015లో అక్కడ 8,000 పౌండ్ల బదిలీ ఒకటి నాలుగుసార్లు నమోదై 24,000 పౌండ్ల తేడా వచ్చింది. ఇలాంటి లోపాలున్నాయని లోపలివాళ్లకు తెలుసు, కోర్టుల్లో మాత్రం వ్యవస్థ గట్టిదని చెప్పారు. కంప్యూటర్ సరిగా పనిచేసిందని కేసు పెట్టినవాళ్లు నిరూపించాల్సిన భారం అప్పటికే చట్టంలోంచి పోయింది. 1999లో తెచ్చిన మార్పుతో, కాదని చూపించేవరకు యంత్రం సరిగానే ఉందని అనుకునే పరిస్థితి వచ్చింది. చిన్న దుకాణదారు ఒక పెద్ద కంపెనీ కోడ్‌లో తప్పు ఎలా చూపిస్తాడు?

2019 డిసెంబరులో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది. 2025 జులైలో విచారణ సంఘం ఇచ్చిన నివేదిక, ఈ వ్యవహారం వల్ల కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని చెప్పింది.

ఒత్తు తెగడానికీ జైలుకూ పోలికా అని అడగకండి. నష్టంలో పోలిక లేదని నాకూ తెలుసు. ఫిర్యాదు వినగానే మనసులో మొదట పుట్టే ఊహ మాత్రం రెండుచోట్లా ఒకటే. వాడేవాళ్లే ఏదో తప్పు చేసి ఉంటారు. క్యాష్ క్లియర్ చేయమనడం ఆ ఊహకు మర్యాదైన రూపం. మీ ఒక్కరికే అనడం దాని కఠిన రూపం. ఆ ఊహను మీరు చిన్న విషయాల్లో అలవాటు చేసుకుంటే పెద్ద విషయాల్లో మాత్రం ఎలా వదులుకుంటారు?

మా వైపు నుంచి చేయాల్సింది మేం చేశామని కూడా చెప్పాలి. తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే వచ్చింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఫోన్లలో తెలుగు అంటే డబ్బాలే. అప్పుడు ఒపేరా మినీలో కాన్ఫిగ్ పేజీ తెరిచి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమని మార్చుకుని, సర్వర్ పంపిన బొమ్మల రూపంలో తెలుగు చదువుకున్నాం. ఆ చిట్కా ఒకరికొకరం నేర్పుకున్నాం. పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ను ఫైర్‌ఫాక్స్ కోసం మనవాళ్లే తయారుచేశారు. టైపు చేయడానికి ‘లేఖిని’ వచ్చింది, అదీ ఒక తెలుగువాడి చలవే. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో మండలి, గిడుగు, పెద్దన, ధూర్జటి లాంటి ఫాంట్లు ఉచితంగా దొరికాయి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లే ఎందుకు వాడుతున్నారని మీరు మమ్మల్ని తప్పు పడుతుంటారు. అందులో ఒత్తు తెగదు కాబట్టి. యూనికోడ్‌కు రావాలని నేను అందరికీ చెబుతాను, కానీ వచ్చినవాడి శుభలేఖ పాడైతే ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఫోన్లలో భారతీయ భాషలు కనిపించాలని ఎంత అడిగినా కదలనివాళ్లు చాలామంది ప్రభుత్వం అడిగితే కదిలారు. ఐఎస్ 16333 ప్రమాణం ప్రకారం దేశంలో అమ్మే ఫోన్లలో 22 భాషలూ చదవగలగాలి. ఇంగ్లిష్, హిందీతో పాటు మరో భారతీయ భాషలో టైపు చేయగలగాలి. దీన్ని తప్పనిసరి చేస్తూ 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8.11 కోట్ల మంది మాతృభాష తెలుగు. ఇంతమంది అడిగితే సరిపోదా, గెజిట్ కావాలా?

కుదరని పని అని మాత్రం అనకండి, కుదిరిన చోట్లు నాకు తెలుసు. అక్షరాలను కలిపి ఆకారం కట్టే హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఉంది. దాన్ని తయారుచేసినప్పుడు లక్షల తెలుగు పదాలు తీసుకుని, ప్రతి పదమూ విండోస్‌లో ఎలా వస్తుందో, తమ దాంట్లో ఎలా వస్తుందో పోల్చి చూశారు. తేడా వచ్చినవి గుప్పెడు మిగిలితే, ఆ గుప్పెడునూ లెక్క రాసిపెట్టారు. ఆ పని నడిపిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టిన ఇంజినీర్, తెలుగువాడు కాడు. పరాయి భాష మీద ఆయన పెట్టిన శ్రద్ధ చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. యూనికోడ్‌వాళ్లు కూడా అంతే. పాత పుస్తకాల్లో వాడిన నకారపొల్లుకు విడిగా చోటు కావాలని ఆధారాలతో రాస్తే, పరిశీలించి 2021లో 14.0 వెర్షన్‌లో చేర్చారు. అడిగిన పద్ధతి ఉంది, జవాబు ఇచ్చే పద్ధతి ఉంది, నిర్ణయం అందరికీ కనిపించేలా ఉంది.

మీ దగ్గరికే వస్తాను. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. 2007లో అడోబీకి, 2014లో మైక్రోసాఫ్ట్‌కు సీఈఓలుగా వచ్చిన ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్లే, బేగంపేటలో ఒకే బడిలో చదివినవాళ్లే. ఈ రంగంలో పైనుంచి కింది దాకా తెలుగు తెలిసినవాళ్లు లేని అంతస్తు ఉండదనుకుంటాను. అందుకే ఇది మాకు దూరపు కంపెనీ మీద ఫిర్యాదులా అనిపించదు. మీ ఇళ్లలో మాట్లాడే భాష గురించి, మీ అమ్మ వాట్సాప్‌లో చదివే భాష గురించి, మీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషికే చెబుతున్నాం. మీరు టెస్టింగ్‌లో ఫోన్‌ను ఒక్కసారి తెలుగులోకి మార్చి చూస్తే నేను చెప్పినవన్నీ పది నిమిషాల్లో కనబడతాయి.

కాబట్టి అడిగేది ఇది. ఒక భాషలో అక్షరం తెగినా, విడిపోయినా దాన్ని అలంకారం కింద రాయకండి, సమాచారం పోయిన లోపంగా రాయండి. దానికి మీరు వేసే నంబరు మారితే చాలు, మిగతా పని మీ పద్ధతుల ప్రకారం అదే జరుగుతుంది. మీ టీములో తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. తెలుగు ఫిర్యాదు వస్తే జవాబు పంపే ముందు వాళ్లకు ఆ ఫొటో చూపించండి. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన మనిషికి తెగిన ఒత్తు ఫొటో చూపిస్తే ఆయనకు అందులో తప్పేమీ కనబడదు, ఆయనను నేను తప్పు పట్టను. రాసినవాళ్లు లోపం పోయిందని చెప్పేవరకు ఫిర్యాదు మూయకండి. సరిచేయలేకపోతే, చేయం అని చెప్పండి. కారణం కూడా రాయండి. కాదన్న జవాబును మేం తట్టుకోగలం, వేరే దారి చూసుకుంటాం. ఏళ్లు గడిచినా ఏ జవాబూ లేకపోవడమే మనిషిని చిన్నబుచ్చుతుంది. సరిచేసినప్పుడు మాత్రం కొత్త వెర్షన్ వివరాల్లో ‘తెలుగు ఒత్తులు తెగే లోపం సరిచేశాం’ అని ఒక్క వాక్యం రాయండి. రాయడం మానేసినవాళ్లు అది చూసి మళ్లీ రాస్తారు.

టెస్టింగ్‌కు పదాలు కావాలంటే ఇవిగో, వీటితో మొదలుపెట్టండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, వైశిష్ట్యం, కార్త్స్న్యం. వీటిని పెద్ద అచ్చులో, చిన్న అచ్చులో, బటన్ మీద, నోటిఫికేషన్‌లో, పీడీఎఫ్‌లో పెట్టి చూడండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి మళ్లీ పేస్ట్ చేయండి. పెళ్లి కార్డుల్లో వచ్చే ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, తిథులు, నక్షత్రాలు నా దగ్గర పాత ఫైళ్లలో బోలెడు ఉన్నాయి. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి, జాబితాగా చేసి ఇస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు. జవాబు రాయడానికి వీలున్న ఒక ఈమెయిల్ చిరునామా మాత్రం ఇవ్వండి.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక డీటీపీ ఆపరేటర్